తప్పు బ్యాటరీది కాదు, డైనమోను చూడండి

(ఎర్రగుంట్లలో జరిగిన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఇక్కడ గిట్టుబాటు ధర గురించో, పంటల బీమా గురించో, గండికోట నీళ్ల గురించో మాట్లాడుకుంటాం. ఈ నెల ట్రాక్టరు డైనమో గురించి చెప్పమని నన్ను నిలబెట్టినారు. వెనక వరుసలో ఎవరో నవ్వినట్టు వినపడింది. నవ్వండి, పర్వాలేదు. నేను చదివింది పదో తరగతి, మెకానిక్‌ను కాదు. కానీ ఈ డైనమో వల్ల ఒక ఏడాది నాలుగెకరాల శనగ పోగొట్టుకున్నోణ్ణి. అందుకని నాకు మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నా.

ఇప్పుడు ఉత్తర కార్తె నడుస్తా ఉంది. ఇంకో నెల లోపల మనమందరం చేన్లలో ఉంటాం. మన నల్లరేగడి సంగతి మీకు చెప్పేదేముంది. వాన పడిన రెండు మూడు రోజులు చేన్లో కాలు పెట్టనీదు. ఆ తర్వాత ఐదారు రోజులు పదును ఉంటుంది. అది దాటితే పైన ఎండి నెర్రెలు పడతాది. శనగకు మనం నీళ్లు కట్టేది లేదు. విత్తేటప్పుడు భూమిలో ఉండే తేమే దాని కడుపు. కాబట్టి మనకు ఏడాది మొత్తంలో ట్రాక్టరు ఆగకూడని రోజులు ఆ ఐదారే. అది ఆగేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

నాకు జరిగింది చెబుతా. నాలుగేళ్ల కిందట చిత్త కార్తెలో మంచి వాన పడింది. నాది ఏడెకరాలు, గుత్తకు తీసుకున్నది నాలుగు. జె.జి.11 విత్తనాలు ఇంట్లో ఉన్నాయి, గొర్రు సిద్ధంగా ఉంది. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ టక్ అని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది. బ్యాటరీ కొని పద్నాలుగు నెలలే. పక్క చేని ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగించి స్టార్ట్ చేసినా. ఇంక ఆపితే ఎట్లా అని భయం. సద్ది తాగేటప్పుడు కూడా ఇంజన్ నడుస్తానే ఉంది. మనలో ఎంతమంది ఇట్లా ఉత్తపుణ్యానికి డీజిల్ కాల్చినారో చేతులెత్తండి. చూడండి, సగం మంది.

రాత్రికి హెడ్‌లైట్లు ఆముదం దీపం మాదిరి ఎర్రగా వెలుగుతున్నాయి. గొర్రు పోయిన సాలు కనపడలేదు. ఇంటికి తోలుకొచ్చి ఆపినా. తెల్లారి మళ్లీ అదే కథ. బ్యాటరీ ఊడదీసి మోటార్‌సైకిల్ మీద పెట్టుకుని టౌనుకు పోయినా. అంగడాయన ఏదో సాధనం తగిలించి, "సెల్లు పోయింది సామీ, కొత్తది తీసుకో" అన్నాడు. పాతది ఆయనకే ఇచ్చేసి, మిగతా డబ్బు అప్పు చేసి కట్టి కొత్తది తెచ్చుకున్నా. ఒక రోజు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు అదీ చచ్చిపోయింది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, నీ ముందు పది ట్రాక్టర్లు ఉన్నాయి" అన్నాడు. ఆయన తప్పు లేదు, అందరికీ అప్పుడే కదా పని. ఆయన వచ్చేసరికి నాలుగు రోజులు పోయినాయి. డైనమో వెనక మూత విప్పి, రెండు కార్బన్ బ్రష్‌లు తీసి నా అరచేతిలో పెట్టినాడు. గోరంత మిగిలినాయి. కొత్త బ్రష్‌ల ఖరీదు రెండు వందలు కూడా లేదు. అరగంట పని. గుత్త చేను నాలుగెకరాల్లో పదును అప్పటికే పోయింది. అయినా విత్తినా. మొలక అక్కడొకటి ఇక్కడొకటి వచ్చింది. గుత్త మాత్రం మొత్తం కట్టినా.

ఆ తర్వాత ఆ మెకానిక్ దగ్గర కూర్చుని, అడిగి, చేతులు మసి చేసుకుని నేర్చుకున్నదే ఇప్పుడు చెబుతా ఉన్నా.

మొదట పేరు సంగతి. మనం డైనమో అంటాం, ఇప్పుడు బండ్లలో ఉండేది ఆల్టర్నేటర్. పాతకాలం బండ్లలో నిజంగా డైనమోనే ఉండేది. 1960ల నుంచి లోకమంతా ఆల్టర్నేటర్‌కు మారింది. మన నోటికి పాత పేరే మిగిలింది. నేనూ డైనమో అనే అంటా, అర్థం చేసుకోండి. లోపల ఒక తీగ చుట్ట తిరుగుతా ఉంటుంది. దానికి కార్బన్ బ్రష్‌ల గుండా కొంచెం కరెంటు ఇస్తే అది అయస్కాంతమవుతుంది. చుట్టూ కదలకుండా ఉండే చుట్టలో కరెంటు పుడుతుంది. మైఖేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇది. మన కలమల్ల దగ్గర ఆర్‌టీపీపీలో నిమిషానికి 3000 సార్లు తిరిగేది కూడా ఇదే. అక్కడ 210 మెగావాట్లు, మన ట్రాక్టరులో సుమారు 35 ఆంపియర్లు. సైజు తేడా అంతే. అక్కడ ఆవిరి తిప్పుతుంది, ఇక్కడ ఫ్యాన్ బెల్టు తిప్పుతుంది.

పుట్టే కరెంటు అటూ ఇటూ మారే రకం. బ్యాటరీకి అది పనికిరాదు. అందుకని లోపల డయోడ్లు ఉంటాయి, కరెంటును ఒకే వైపుకు పోనిస్తాయి. ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా వోల్టేజి హద్దు దాటకుండా రెగ్యులేటర్ ఉంటుంది, దాన్నే మనోళ్లు కటౌట్ అంటారు. బెల్టు, బ్రష్‌లు, డయోడ్లు, రెగ్యులేటర్, బేరింగులు. చెడిపోయేవి ఇవే, ఇంకేం లేవు.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాటరీ అనేది గాదె లాంటిది. ధాన్యం పండించేది అది కాదు. గాదె ఖాళీ అయిందంటే గాదెకు చిల్లు పడి ఉండొచ్చు, లేదా పంటే ఇంటికి రాక ఉండొచ్చు. మనం ప్రతిసారీ గాదెనే మారుస్తాం. డీజిల్ ట్రాక్టరుతో ఇంకో మోసం ఉంది. మన పాత ట్రాక్టర్లకు ఒకసారి స్టార్ట్ అయితే నడవడానికి కరెంటే అక్కర్లేదు. పెట్రోలు కారయితే డైనమో పోయిన కొంతసేపటికి రోడ్డు మీదనే ఆగిపోతుంది, రోగం ఆ రోజే బయటపడుతుంది. ట్రాక్టరు మాత్రం వారం రోజులు మనల్ని నమ్మించి, పదును రోజున ముంచుతుంది. కొత్త ట్రాక్టర్లలో ఈ కథ మారుతా ఉంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి. ఆ ఇంజన్లలో డీజిల్ పంపును కంప్యూటర్ నడిపిస్తుంది. వాటికి కరెంటు తగ్గితే కారు మాదిరే ఆగిపోతాయి. కొన్నవాళ్లు గుర్తు పెట్టుకోండి.

దీనికి కావలసింది ఒక మల్టీమీటరు. ఎలక్ట్రికల్ అంగట్లో రెండు మూడు వందలకు దొరుకుతుంది. ఇదిగో, ఇదే. ముల్లును డీసీ 20 మీద పెట్టండి. నల్ల వైరు కామ్ అని రాసిన రంధ్రంలో, ఎర్ర వైరు వి అని రాసిన దాంట్లో. 10 ఏ అని రాసిన రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తగిలించినారంటే మీటరు మండిపోతుంది. నా మొదటి మీటరు అట్లే పోయింది.

పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందు బ్యాటరీ మీద చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 11.8 అంటే ఖాళీ. ఇప్పుడు స్టార్ట్ చేసి, రేసు సగానికి పెట్టి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.4 దాకా ఎక్కితే డైనమో పని చేస్తా ఉన్నట్టు. హెడ్‌లైట్లు వేసినా 13.5 కిందికి రాకూడదు. స్టార్ట్ చేసినాక కూడా 12.4, 12.3 అని దిగుతా పోతే డైనమో నుంచి ఏమీ రావడం లేదు. ఎంత ఖరీదైన బ్యాటరీ తెచ్చినా మూడు రోజులే. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. అప్పుడు బ్యాటరీ నీళ్లు ఉడికిపోతాయి, బల్బులు మాటిమాటికీ మాడతాయి. నెలకోసారి బ్యాటరీకి నీళ్లు పోయాల్సి వస్తా ఉంటే దీన్ని అనుమానించండి.

కరెంటు రావడం లేదని తేలినంత మాత్రాన డైనమో ఊడదీయొద్దు. ముందు బెల్టు చూడండి. రెండు పుల్లీల నడుమ పొడుగ్గా ఉండే చోట బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. ఎక్కువ దిగితే జారుతా ఉంది. బెల్టు లోపలి అంచు అద్దంలాగా మెరుస్తా ఉంటే బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. తర్వాత బ్యాటరీ టర్మినళ్లు. తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంటే వేడినీళ్లు పోసి కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, కొంచెం గ్రీజు పూయండి. ఎర్తు వైరు ఛాసిస్‌కు బిగించిన చోట కూడా తుప్పు గీకండి. ఇంజన్ నడుస్తుండగా డైనమో వెనక లావు వైరు ఉండే బోల్టు దగ్గర ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి మీటరు పెట్టండి. రెండింటికీ అర వోల్టు పైన తేడా ఉంటే నడుమ వైరులో లోపం ఉంది, డైనమోలో కాదు.

ఆ తర్వాత మీటరు బోర్డు మీద ఎర్రగా వెలిగే బ్యాటరీ బొమ్మ. తాళం తిప్పితే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, అది వెలగాలి. స్టార్ట్ అయినాక ఆరిపోవాలి. ఆరకపోతే చార్జింగ్ లేదని మనకందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే? చాలా మంది "లైటు లేదు, అంటే అంతా బాగుంది" అనుకుంటారు. పెద్ద పొరపాటు. చాలా బండ్లలో డైనమోను నిద్ర లేపే మొదటి కరెంటు ఆ చిన్న బల్బు గుండానే పోతుంది. బల్బు మాడినా, దాని సన్న వైరును ఎలుక కొరికినా, డైనమో తిరుగుతుంది గానీ కరెంటు పుట్టదు. మా ఊర్లో ఒకాయన కొత్త డైనమో వేయించినాడు, మళ్లీ అదే రోగం. "ఈ కంపెనీదే మంచిది కాదు" అని ఇంకోటి తెచ్చినాడు. చివరికి చూస్తే బల్బు మాడింది. పది రూపాయల బల్బు. ఆయన ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను, ఆయనే నవ్వుతా ఉన్నాడు చూడండి.

మీటరు లేకపోయినా ఒక ఉపాయం ఉంది. ఇంజన్ ఆపి ఉండగా తాళం ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ మొనను డైనమో వెనక బేరింగు దగ్గర పెట్టండి. అయస్కాంతంలాగా లాగితే లోపలి చుట్టకు కరెంటు అందుతా ఉంది, బ్రష్‌లు ఆనుకుంటా ఉన్నాయి. ఏమీ లాగకపోతే బ్రష్‌లు అరిగినాయా, సన్న వైరు తెగిందా, బల్బు మాడిందా చూడాలి. ఇంకొకటి. రాత్రంతా ఆపి ఉంచిన ట్రాక్టరు డైనమో మీద పొద్దున్నే చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాల్సింది వెచ్చగా ఉంటే డయోడు పోయి, బ్యాటరీ కరెంటు రాత్రంతా దాని గుండా వెనక్కు కారుతా ఉన్నట్టు.

చేయకూడనిది ఒకటి గట్టిగా చెబుతా. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అనే పరీక్ష. మన పెద్దలు పాత డైనమోలతో చేసేవాళ్లు, అప్పుడు చెల్లింది. ఆల్టర్నేటర్‌తో చేస్తే ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారి ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోతాయి. పైగా డీజిల్ ట్రాక్టరు డైనమో లేకపోయినా ఆగదని ఇందాకే చెప్పుకున్నాం. ఆ పరీక్షతో తెలిసేది సున్న.

డయోడ్లు కాల్చే పని మనం ఇంకొకటి చేస్తాం. గొర్రు పన్ను విరిగితే ట్రాక్టరుకు తగిలించి ఉండగానే వెల్డింగ్ అంగడి ముందు నిలబెట్టి వెల్డింగ్ పెట్టిస్తాం. ఆ కరెంటు ఇనుము పొడవునా ఎక్కడెక్కడికో పాకుతుంది. గొర్రు విప్పి కింద పెట్టి చేయించండి. కుదరకపోతే బ్యాటరీ వైర్లు రెండూ తీసేయండి. ఒక నిమిషం పని. అట్లే వేరే బ్యాటరీ తెచ్చి వైర్లతో స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారైతే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

మన ప్రాంతానికి ఇంకో శని ఉంది, దుమ్ము. సేద్యం లేని రోజుల్లో మనలో చాలా మంది ట్రాక్టర్లు నాపరాళ్లకు బాడుగకు పోతాయి. గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర లేచే ఆ తెల్ల పొడి, సిమెంటు లారీల దుమ్ము, బూడిద అంతా డైనమో గాలి రంధ్రాల్లోకి పోతుంది. ఆ పొడి బ్రష్‌లను ఆకురాయి మాదిరి అరగదీస్తుంది. బేరింగులో గ్రీజును పిండి చేస్తుంది. కోస్తాలో ట్రాక్టరు బ్రష్‌లు ఎన్నేళ్లు వస్తాయో నాకు అక్కర్లేదు. రాళ్లు తోలే ట్రాక్టరుకు ప్రతి ఏడాదీ విత్తనం ముందర వెనక మూత తీయించి బ్రష్‌లు చూపించాల్సిందే. వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు డైనమోకు ప్లాస్టిక్ కవరు చుట్టండి. ఆ దుమ్ము మీద నీళ్లు కొడితే లోపల గచ్చు పోసినట్టే.

ఇన్ని చూసినాక కూడా డైనమోనే పోయిందని తేలితే మార్చుకోవాలి. ఇది మన చేత్తో అయ్యే పనే. మొదట బ్యాటరీ ఎర్తు వైరు తీయండి, ప్లస్ కాదు. ఎర్తు ఉండగా పానా ప్లస్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులు లేస్తాయి, బ్యాటరీ దగ్గర గ్యాసు ఉంటుంది. వైర్లు విప్పకముందు మీ పిల్లోని ఫోనుతో ఒక ఫోటో తీయించండి. ఏ వైరు ఎక్కడిదో తర్వాత అదే చెబుతుంది. బిగింపు పట్టీ బోల్టు వదులు చేసి, డైనమోను ఇంజన్ వైపు నెట్టి బెల్టు తీయండి. కింద బోల్టు విప్పితే చేతికి వస్తుంది. పాతదాన్ని అంగడికి తీసుకుపోయి పక్కపక్కన పెట్టి చూడండి. పుల్లీ సైజు, గాడి వెడల్పు, చెవుల దూరం, వైర్ల బోల్టులు, మీద రాసిన ఆంపియర్లు అన్నీ ఒకటే ఉండాలి. రీకండిషన్ చేసింది కొంటే వాళ్ల బల్ల మీద తిప్పించి, మీ మీటరుతో చూసి తర్వాతే డబ్బు ఇవ్వండి. రసీదు అడగండి. రసీదు అడిగితే మొహం మార్చే అంగట్లో కొనొద్దు.

బిగించేటప్పుడు రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా చూడండి. బెల్టు మరీ బిగిస్తే బేరింగు పోతుంది, నీటి పంపు బేరింగు కూడా పోతుంది. అన్నీ అయినాక చివర్లో ఎర్తు వైరు. అరగంట నడిపి బెల్టు మళ్లీ ఒకసారి నొక్కి చూడండి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉంటే ముందు బయట చార్జింగ్ పెట్టించండి. చచ్చిన బ్యాటరీని లేపే భారమంతా కొత్త డైనమో మీద వేస్తే అది వేడెక్కి త్వరగా పోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు భుజం మీద టవలు తీసి పక్కన పెట్టండి. టవలు బెల్టులో పడితే చెయ్యి దాని వెంబడే పోతుంది.

జీపులు, బొలేరోలు, పాత కార్లు ఉన్నవాళ్లకు కూడా లెక్కలు ఇవే, అన్నీ 12 వోల్టులే. కొత్త కార్లలో మాత్రం రెగ్యులేషన్ కంప్యూటర్ చేతిలో ఉంటుంది, మీటరులో అంకెలు కొంచెం అటూ ఇటూ ఆడతాయి. బెల్టు కూడా ఏసీ, పంపు అన్నిటినీ కలిపి ఒకటే ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్ల చేత మార్పించండి.

సంఘానికి నేను పెట్టే ప్రతిపాదన చిన్నది. మన సభ్యుల్లో ఎక్కువ మందివి మూడు నాలుగు రకాల ట్రాక్టర్లే. ఒక్కో ఊరికి ఒక మీటరు, ఒక చార్జరు, ఆ ఊరి ట్రాక్టర్లకు సరిపోయే రెండు బెల్టులు, రెండు జతల బ్రష్‌లు, నాలుగు బల్బులు ఒక పెట్టెలో పెట్టి, ఒకరి ఇంట్లో ఉంచుదాం. వాడుకున్నోళ్లు డబ్బు కట్టి మళ్లీ తెచ్చి పెట్టాలి. మొత్తం కలిపి ఒక బ్యాటరీ ఖరీదు కూడా కాదు. ట్రాక్టరు లేని సభ్యులు "మాకేం లాభం" అని అడగొచ్చు, అడిగే హక్కు ఉంది. మీరు బాడుగకు పిలిచేది మా ట్రాక్టర్లనే. పదును రోజున మాది ఆగితే మీ చేను మా చేని కంటే వెనక పడుతుంది, ఎందుకంటే మేం ముందు మాది విత్తుకుంటాం. కడుపు మంటగా ఉన్నా నిజం అదే. కాబట్టి పెట్టెలో మీ వంతు కూడా వేయండి, పదును రోజుల్లో బాడుగ వరుస ఎట్లా ఉండాలో కూడా ఈ సభలోనే తేల్చుకుందాం.

ఇందాక ఒక పెద్దాయన అడిగినాడు, "నా ట్రాక్టరుకు ఇరవై ఏళ్లు, దిగుడులో నిలిపి తోసుకుంటా ఉంటే నడుస్తానే ఉంది కదా, ఇదంతా నాకెందుకు" అని. నడుస్తుంది పెద్దాయనా. కానీ మన చేన్లు బల్లపరుపు, దిగుడు రోడ్డు మీదే ఉంటుంది. రాత్రి పూట లైట్లు లేని ట్రాలీ రోడ్డు మీద నిలిస్తే వెనక నుంచి సిమెంటు లారీ వస్తుంది. మీ బండి నేనే చూస్తా, డబ్బులేం వద్దు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఇక్కడికే ట్రాక్టర్లు తోలుకు రండి. ముందు రోజు సాయంత్రం నుంచి స్టార్ట్ చేయకుండా ఉంచిన బ్యాటరీ వోల్టేజి ముఖ్యం కాబట్టి, మీటరు ఉన్నవాళ్లు ఇంట్లోనే చూసి కాగితం మీద రాసుకుని రండి. లేనివాళ్లు శనివారం సాయంత్రం నా దగ్గరికి వచ్చి తీసుకుపోండి, రెండు ఉన్నాయి. బెల్టు మీద ఉండే నంబరు కూడా రాసుకోండి. చెరిగిపోయి ఉంటే పాత బెల్టే తెచ్చేయండి.